ఇంటి వెనక రేకుల గ్యారేజీ, వర్క్‌షాపు: ముందు పునాది సంగతి తేల్చుకోండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. క్లుప్తంగా మీరు అడిగింది ఇది. అనకాపల్లి దగ్గర సొంత ఇల్లు. ఇంటి వెనక 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు షెడ్డు పట్టే ఖాళీ ఉంది. ఉద్యోగం నుంచి రిటైరయ్యారు కాబట్టి ఒక పక్క కారు పెట్టుకుని, మిగతా చోట వెల్డింగు, కాస్త చెక్కపని చేసుకోవాలని కోరిక. మీ ఊరి ఫ్యాబ్రికేటరు రెండంగుళాల చదరపు పైపులు, 0.35 ఎం.ఎం. రేకు వేస్తానన్నాడు. ఇప్పుడున్న నాలుగంగుళాల గచ్చు మీదే బేస్ ప్లేట్లు (స్తంభం అడుగున ఉండే ఇనుప పలకలు) పెట్టి ఫాస్టెనర్లు (గచ్చుకు బెజ్జం వేసి దించే బోల్టులు) బిగిస్తానని, చదరపు అడుగుకు ఇంత అని రేటు చెప్పాడు. రేకు 0.50 వేయించుకుంటే సరిపోతుందా అని మీ అనుమానం.

సరిపోదండి. రేకు మందం తర్వాత చూసుకోవచ్చు. మీ షెడ్డుకు అసలు ప్రమాదం ఆ గచ్చు మీది ఫాస్టెనర్ల దగ్గరే ఉంది. నేను గాజువాకలో 1996 నుంచి షెడ్లు కడుతున్నాను. అదే తప్పు నేనూ చేశాను కాబట్టి ముందు ఆ సంగతి చెబుతాను.

2011లో ఒక లారీ ఓనరుకు దాదాపు మీ కొలతలతోనే షెడ్డు వేశాను. ఆయన స్థలంలో అప్పటికే మంచి గచ్చు ఉంది. దాన్ని పగలగొట్టడం ఎందుకని ఆయన అన్నాడు, నేనూ సరేనన్నాను. గచ్చుకు డ్రిల్ వేసి ఫాస్టెనర్లు బిగించాను. మూడేళ్లు ఏ ఇబ్బందీ లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు గాలి గంటకు 180 కిలోమీటర్ల దాకా వీచింది. ముందు రోలింగ్ షట్టరు లోపలికి వంగి పట్టాల్లోంచి ఊడిపోయింది. ఆ తర్వాత కొద్ది నిమిషాల్లోనే షెడ్డు మొత్తం పైకి లేచిందని పక్కింటివాళ్లు చెప్పారు. నేను వెళ్లి చూసేసరికి షెడ్డు వెనక పొలంలో తలకిందులుగా పడి ఉంది. ఎక్కడా వెల్డింగు విరగలేదు, ఒక్క పైపూ తెగలేదు. ఫాస్టెనర్లు మాత్రం చుట్టూ ఉన్న కాంక్రీటును గరాటు ఆకారంలో పెకలించుకుని వచ్చేశాయి. ఆ వీధిలోనే లోతు పునాదులు పోసి కట్టిన ఇంకో షెడ్డుకు నాలుగు రేకులు మాత్రమే పోయాయి. ఎవరి ప్రాణానికీ హాని జరగలేదు, అంతవరకు అదృష్టం. ఆ రోజు నుంచి ఉన్న గచ్చు మీద బోల్టులు బిగించే పని ఎవరడిగినా ఒప్పుకోవడం లేదు.

ఇలా ఎందుకు జరుగుతుందో లెక్క వేసి చూపిస్తాను, ఇది కష్టమైన లెక్క కాదు. గాలి లెక్కలకు మన దేశంలో ఐఎస్ 875 మూడో భాగం ప్రమాణం. అందులో విశాఖ తీరానికి సెకనుకు 50 మీటర్ల గాలి వేగం ఇచ్చారు. హైదరాబాద్‌కు 44. వేగాన్ని వేగంతో హెచ్చవేసి 0.6తో గుణిస్తే చదరపు మీటరు మీద పడే ఒత్తిడి న్యూటన్లలో వస్తుంది. 50కి 1500 న్యూటన్లు, అంటే 153 కిలోలు. 44కి 118 కిలోలు. వేగంలో తేడా ఆరు మీటర్లే, ఒత్తిడిలో తేడా 35 కిలోలు. అందుకే హైదరాబాద్‌లో పదేళ్లుగా నిలబడి ఉన్న డిజైను చూపించి ఇక్కడా అదే వేస్తామంటే ఒప్పుకోకండి.

మీ కప్పు విస్తీర్ణం 600 చదరపు అడుగులు, అంటే దాదాపు 56 చదరపు మీటర్లు. తక్కువ వాలున్న కప్పు మీదుగా గాలి పోయేటప్పుడు కప్పును కిందికి నొక్కదు, పైకి పీలుస్తుంది. షెడ్డు తలుపులన్నీ మూసి ఉంటే ఆ పీలుపు సుమారు ఎనిమిదిన్నర టన్నులు. షట్టరు ఊడి గాలి లోపలికి చొరబడితే లోపలి నుంచి కూడా తోస్తుంది, అప్పుడు మొత్తం 13 టన్నుల దాకా పోతుంది. ఇనుము, రేకులు అన్నీ కలిపి మీ షెడ్డు బరువు రెండు టన్నులకు మించదు. మిగతా 11 టన్నుల లాగుడును ఎవరు ఆపాలి? పునాదే ఆపాలి. ఇల్లు కట్టేటప్పుడు పునాది బరువు మోస్తుంది. రేకుల షెడ్డులో పునాది పని షెడ్డును ఎగిరిపోకుండా పట్టి ఉంచడం. ఇది తెలిస్తే మిగతా నిర్ణయాలన్నీ మీకు వాటంతటవే అర్థమవుతాయి.

ఇక మీ షెడ్డుకు నేనైతే ఏం చేస్తానో చెబుతాను. 30 అడుగుల పొడవును మూడు అరలుగా విడదీయండి. కారుకు 11 అడుగుల అర, వర్క్‌షాపుకు తొమ్మిదిన్నర అడుగుల అరలు రెండు. అంటే నాలుగు ఫ్రేములు, ఎనిమిది స్తంభాలు. కారు 20 అడుగుల లోతులోకి నేరుగా వస్తుంది, షట్టరు పొడవు గోడలో మొదటి అరకు వస్తుంది. మామూలు సెడాన్ కారు సుమారు నాలుగున్నర మీటర్లు, అంటే 15 అడుగులు. ముందు కాస్త, వెనక కాస్త తిరగడానికి చోటు మిగులుతుంది. 11 అడుగుల వెడల్పు మరీ ఎక్కువేమో అనిపించవచ్చు. రెండు వైపులా తలుపులు పూర్తిగా తీసి, వంగి ఒక టైరు మార్చి చూడండి, ఎందుకు చెప్పానో తెలుస్తుంది.

మధ్య ఫ్రేముల స్తంభాల మీద ఒక్కోదానికి 1.9 టన్నుల దాకా పైకి లాగుడు వస్తుంది. దానికి తగ్గట్టు ప్రతి స్తంభం కింద మూడున్నర అడుగుల చదరం, నాలుగు అడుగుల లోతు గుంత తీయించండి. అడుగున కొద్దిగా పీసీసీ (ఊచలు లేని కాంక్రీటు) వేసి, దాని మీద అడుగు మందం ఊచలు కట్టిన ఫుటింగు (పునాది దిమ్మె), అందులోంచి అడుగు చదరపు పెడెస్టల్ (పొట్టి కాంక్రీటు స్తంభం) పైకి రావాలి. ఫుటింగు, పెడెస్టల్, మీద పూడ్చిన మట్టి అన్నీ కలిపితే రెండున్నర టన్నులు దాటుతుంది. ఆ బరువులో సగానికి పైగా మట్టిదే కాబట్టి గుంత పూడ్చే పని కూలీలకు వదిలేయకండి. అరడుగు మట్టి పోయడం, నీళ్లు చల్లడం, దిమ్మిస వేయడం, మళ్లీ అరడుగు. ఈ పని జరిగేంతసేపు దగ్గర నిలబడండి. మీది నల్లరేగడి నేల అయితే ఈ లోతు చాలదు, ఎండాకాలం పగుళ్లు ఎంత లోతుకు పోతున్నాయో చూసి వాటి కిందికి దిగాలి. నేను వేసింది చేతి లెక్క. స్థలం చూసి, మట్టి చూసి సంతకం పెట్టే స్ట్రక్చరల్ ఇంజనీరుకు ఒకసారి ఫీజు ఇచ్చి డ్రాయింగు తీసుకోండి. మొత్తం ఖర్చులో అది చాలా చిన్న భాగం.

బోల్టుల సంగతి. కాంక్రీటు పోయక ముందే కింద కొక్కెంలా వంచిన 20 ఎం.ఎం. యాంకర్ బోల్టులు స్తంభానికి నాలుగు చొప్పున ఊచల కట్టలోకి దించాలి. కాంక్రీటులో కనీసం అడుగున్నర లోతు ఉండాలి. బేస్ ప్లేటు రంధ్రాలకు సరిపోయేలా ఒక ప్లైవుడ్ ముక్కకో రేకుకో ముందే బెజ్జాలు వేసి, ఆ అచ్చులో బోల్టులు నిలబెట్టి కాంక్రీటు పోయించండి. అచ్చు లేకుండా పోస్తే బోల్టు పావు అంగుళం పక్కకు జరుగుతుంది. తర్వాత ఫ్యాబ్రికేటరు బేస్ ప్లేటు రంధ్రాన్ని గ్యాస్ కట్టరుతో పెద్దది చేస్తాడు. వాషరు అంచు ఆ రంధ్రం మీద సగమే ఆనుతుంది, అక్కడ పట్టు పోయినట్టే. బోల్టులు నిలబెట్టాక మూలల నుంచి మూలలకు టేపు పట్టి చూడండి. 20 అడుగులకు 30 అడుగులు మూలమట్టంగా ఉంటే రెండు కర్ణాలూ ఒకటే రావాలి, అంటే 36 అడుగుల అంగుళం లోపు. అర అంగుళం తేడా ఉన్నా కాంక్రీటు ఆపించి సరిచేయించండి. తర్వాత రేకులు వేసేటప్పుడు ఆ తేడా కప్పు అంచున మెట్లు మెట్లుగా కనిపిస్తుంది.

పెడెస్టల్ పైభాగం గచ్చు కంటే అరడుగు ఎత్తున ఉంచమని అడగండి. మేస్త్రి వద్దంటాడు, కాలికి తగులుతుందంటాడు. మనది తీరం. నీళ్లు నిలిచే చోట ఇనుప కాలు ఉంటే అది అక్కడే మొదట తుప్పు పడుతుంది. నేను విప్పిన పాత షెడ్లలో చాలావాటికి పైన ఇనుము కొత్తదానిలా ఉండి, గచ్చును ఆనుకున్న మూడంగుళాల మేర మాత్రం వేలు పెడితే లోపలికి పోయేది.

స్తంభాలకు రెండంగుళాల పైపు చాలదు. 100 ఎం.ఎం. చదరపు పైపు, 4 ఎం.ఎం. గోడ మందం తీసుకోండి. ఇది మీటరుకు 11.7 కిలోలు తూగుతుంది. బేస్ ప్లేటు 12 ఎం.ఎం. పైపు కొనేటప్పుడు వెర్నియర్ (మందం కొలిచే పరికరం) దగ్గర పెట్టుకుని రెండు చివర్లా కొలవండి. 4 అని చెప్పి 3.2 పంపడం మామూలే. ఐఎస్ 4923 ముద్ర ఉన్న చదరపు పైపు అడగండి. పైపు పైచివర మూత వెల్డింగు చేయకపోతే వాన నీరు లోపలికి దిగి లోపలి నుంచి తినేస్తుంది. బయటి నుంచి మీకేమీ కనబడదు.

కప్పు రెండు వైపులా వాలుగా వేయించండి. ఒకవైపు వాలు చవకే కానీ ఎత్తైన గోడ గాలికి తెరచాపలా నిలబడుతుంది. 20 అడుగుల వెడల్పుకు మధ్యలో రెండున్నర అడుగులు లేపితే వాలు మంచిగా వస్తుంది, వాన నీరు ఆగదు. చూరు బయటకు అడుగు కంటే ఎక్కువ తీయవద్దు. చాలామంది నీడ కోసం మూడడుగులు తీయిస్తారు, గాలి మొదట చెయ్యి పెట్టేది దాని కిందే. పర్లిన్ల (రేకులను మోసే అడ్డ కమ్ముల) మధ్య దూరం నడిమి భాగంలో నాలుగు అడుగులు ఉండవచ్చు. కానీ చూరు దగ్గర, రిడ్జ్ (కప్పు నడినెత్తి) దగ్గర, రెండు చివరి అంచుల దగ్గర పీలుపు ఎక్కువ కాబట్టి అక్కడ రెండున్నర అడుగులకు తగ్గించండి.

క్రాస్ బ్రేసింగ్ మరిచిపోకండి. గోడల్లో ఒక అరలో, కప్పులో ఒక అరలో మూల నుంచి మూలకు కట్టే 16 ఎం.ఎం. రాడ్లు, మధ్యలో బిగించడానికి టర్న్‌బకిల్. మీ ఫ్యాబ్రికేటరు కొటేషన్లో ఇది లేదు. ఇది లేకపోతే ఫ్రేములన్నీ నిలబెట్టిన పుస్తకాల్లా ఒకే వైపుకు ఒరుగుతాయి. వీటికయ్యే ఇనుము వంద కిలోలు కూడా ఉండదు.

ఇప్పుడు మీరు అడిగిన రేకు. రంగు పూత రేకుల్లో మందం రెండు రకాలుగా చెబుతారు: పూతతో కలిపి చెప్పేది ఒకటి, లోపలి ఇనుము మాత్రమే చెప్పేది ఇంకొకటి. దుకాణంలో 0.50 అంటే ఎక్కువగా పూతతో కలిపిన లెక్క. మీకు పూతతో కలిపి 0.50 చాలు. అల్యూమినియం, జింకు కలిసిన పూత ఉన్న రేకే తీసుకోండి. ఆ పూతలో 55 శాతం అల్యూమినియం ఉంటుంది, ఉప్పుగాలికి ఉత్త జింకు పూత కంటే మెరుగ్గా తట్టుకుంటుంది. చదరపు మీటరుకు రెండు వైపులా కలిపి 150 గ్రాముల పూత ఉన్నదా అని అడగండి. మిల్లు సర్టిఫికెట్‌లో రాసి ఉంటుంది. 0.35 రేకు మీద మనిషి నడిస్తే సొట్ట పడుతుంది. గాలికి స్క్రూ చుట్టూ చిరిగి, స్క్రూ అలాగే ఉండి రేకు మాత్రమే లేచిపోతుంది.

స్క్రూల దగ్గర జాగ్రత్తగా ఉండండి. కప్పు మీద స్క్రూ రేకు ఎత్తు భాగంలో వేయాలి, పల్లంలో నీళ్లు పారతాయి కాబట్టి అక్కడ వేస్తే ఏ వాషరైనా ఏదో ఒక రోజు కారుతుంది. గోడ రేకులకు పల్లంలో వేయవచ్చు. అంచుల్లో ప్రతి ఎత్తుకూ ఒకటి, మధ్యలో ఎత్తు విడిచి ఎత్తుకు ఒకటి. రబ్బరు వాషరు కొద్దిగా ఉబ్బితే చాలు. డ్రిల్ మెషిన్ పూర్తి వేగంతో బిగించి రబ్బరు చితికిపోయిన స్క్రూ మొదటి ఎండాకాలానికే పగిలి కారుతుంది. ఇంకొక మాట. కప్పు మీద కూర్చుని యాంగిల్ గ్రైండరుతో రంగు రేకు కోస్తుంటే ఆపేయండి. నిప్పురవ్వలు పూతను కాల్చేస్తాయి, ఆ ఇనుప రజను రేకు మీద పడి వాన తడికి తుప్పు పట్టి, రేకంతా మచ్చలు పడుతుంది. రేకుల కత్తెర వాడాలి, లేదా కొలత ప్రకారం మిల్లులోనే కోయించుకుని తేవాలి. సాయంత్రం పని అయ్యాక కప్పు మీది రజనంతా మెత్తని చీపురుతో ఊడ్పించండి.

షట్టరు బలహీనం అని మొదటే చెప్పాను. పదడుగుల వెడల్పు షట్టరుకు పట్టాలు లోతుగా ఉండాలి, స్లాట్ల (షట్టరు పట్టీల) చివర్లలో పట్టాలోంచి జారకుండా ఆపే క్లిప్పులు ఉండాలి. తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు షట్టరు వెనక అడ్డంగా పెట్టడానికి రెండు బలమైన పైపులు, వాటిని ఆనించడానికి స్తంభాలకు కొక్కేలు ముందే వెల్డింగు చేయించుకోండి. అలవాటుగా వాడుకోవడానికి వర్క్‌షాపు వైపు విడిగా ఒక చిన్న తలుపు ఉంటే షట్టరును రోజూ ఎత్తే పని ఉండదు.

రేకులను నేల దాకా దించకండి. మూడడుగుల ఎత్తు వరకు ఫ్లైయాష్ ఇటుకల గోడ కట్టించి, దాని మీద నుంచి రేకు ఎత్తండి. వాన చినుకులు నేల మీద పడి ఎగిరి రేకు అడుగును ఎప్పుడూ తడుపుతుంటాయి, తుప్పు అక్కడే మొదలవుతుంది. ఇటుక గోడ ఉంటే అది ఉండదు, పాములు రావు, బండి తగిలినా సొట్ట పడదు. స్తంభాలకు చిన్న ఇనుప ముక్కలు వెల్డింగు చేసి వాటిని గోడ మధ్యలోకి పోనిస్తే గోడ విడిపోదు.

పెయింటు దగ్గర డబ్బు మిగిల్చాలని చూడవద్దు. పైపుల మీద మిల్లు నుంచి వచ్చే నీలిపొర ఉంటుంది, దాన్ని వైర్ బ్రష్షుతో, గ్రైండరుతో తీసేశాక మాత్రమే ప్రైమరు పట్టాలి. ఆ పొర మీద వేసిన ప్రైమరు పొరతో పాటే ఊడివస్తుంది. మన ఉప్పుగాలికి రెడ్ ఆక్సైడు చాలదు. ఎపాక్సీ జింక్ ప్రైమరు ఒక కోటు, మీద పీయూ ఎనామెలు రెండు కోట్లు వేయించండి. వెల్డింగు చేసిన ప్రతి చోటా పూత కాలిపోతుంది, దాన్ని మళ్లీ రుద్ది ప్రైమరు వేయాలి. పని హడావుడిలో ఎక్కువగా వదిలేసేది ఇదే. నేలకు దగ్గరగా ఉన్న రెండడుగులకు ఒక కోటు అదనంగా వేయించండి. గాల్వనైజ్డ్ (జింకు పూత) పైపు తెచ్చి వెల్డింగు చేస్తామంటే, అతికించే చోట పూత గ్రైండరుతో తీసేసి, గాలి ఆడే చోట, ముక్కుకు రెస్పిరేటరు పెట్టుకుని చేయమనండి. ఆ తెల్లటి జింకు పొగ పీల్చినవాళ్లకు రాత్రికి చలిజ్వరం వస్తుంది. నా దగ్గర పనిచేసిన కుర్రాళ్లకు వచ్చింది. రేపు మీరే ఆ షెడ్డులో వెల్డింగు చేసేటప్పుడూ ఇది గుర్తుంచుకోండి.

గచ్చు గురించి. ఇప్పుడున్న నాలుగంగుళాల గచ్చు పగుళ్లు లేకుండా ఉంటే గుంతల చోట మాత్రం కోయించి, మిగతాది ఉంచుకుని, మీద కొత్తగా మూడు నాలుగంగుళాల ఎం20 రకం కాంక్రీటును ఇనుప జాలీ వేసి పోయించవచ్చు. పగిలి ఉంటే తీసేసి, కింద గ్రావెలు దిమ్మిస చేసి, పాలిథీన్ షీటు పరిచి, 8 ఎం.ఎం. ఊచలు 8 అంగుళాల ఎడంతో కట్టి, ఐదంగుళాలు పోయండి. పాలిథీన్ లేకపోతే కింది తేమ పైకి ఎక్కుతుంది, మీ రంపం పళ్లు, డ్రిల్ బిట్లు ఊరికే తుప్పు పడతాయి. షట్టరు వైపు పది అడుగులకు ఒక అంగుళం వాలు ఇవ్వండి. పది అడుగులకొక జాయింటు కోయించండి. కనీసం 14 రోజులు తడి ఆరకుండా చూసుకోండి.

కారు రిపేరుకు గచ్చులో గొయ్యి తీయించాలని అనుకుంటున్నారేమో, చాలామంది అడుగుతారు. వద్దని గట్టిగా చెబుతాను. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, వెళ్లి గొయ్యిలో కూర్చుంటుంది. పక్కన వెల్డింగు ఉన్న చోట అది ప్రాణాంతకం. వానాకాలం నీళ్లు కూడా ఊరుతాయి. బలమైన ర్యాంపులు ఒక జత కొనుక్కోండి.

అదే కారణంతో కారు అరకూ వర్క్‌షాపుకూ మధ్య కప్పు దాకా ఇటుక గోడ పెట్టమంటాను. వెల్డింగు రవ్వ పాతికడుగుల దూరం దొర్లడం నేను చూశాను. చెక్కపొట్టులో పడ్డ రవ్వ వెంటనే మండదు. లోలోపల రాజుకుని, మీరు తాళం వేసి అన్నానికి వెళ్లాక మండుతుంది. అందుకని చెక్కపని ఒక మూల, వెల్డింగు దానికి ఎదుటి మూల పెట్టుకోండి. వెల్డింగు ఆపాక అరగంట అక్కడే ఉండి సర్దుకుంటూ ఉండండి. చిన్న తలుపు పక్కన ఆరు కిలోల ఏబీసీ పొడి సిలిండరు (మంటలార్పేది) తగిలించండి.

వేడి. రేకు షెడ్డులో మే నెల మధ్యాహ్నం పెనం మీద నిలబడ్డట్టే ఉంటుంది. రిటైరయ్యాక ఇష్టంగా చేసుకునే పని వేడికి ఆగిపోకూడదు కదా. స్తంభాలు 12 అడుగుల ఎత్తు పెట్టండి. రేకు రంగు తెలుపు లేదా లేత రంగే ఎంచుకోండి, నీలం, ఎరుపు అందంగా ఉన్నా ఎండను పీల్చేస్తాయి. రేకు కింద వేడి ఆపే 50 ఎం.ఎం. రాక్‌వూల్, దాని కింద అల్యూమినియం ఫాయిల్ పొర, పట్టి ఉంచడానికి వైరు జాలీ. డబ్బు వెసులుబాటు ఉంటే పఫ్ ప్యానెల్ (రెండు రేకుల మధ్య నురుగు నింపిన పలక) కప్పు వేయవచ్చు. కానీ దానిలోని నురుగు మండే గుణం ఉన్నది, వెల్డింగు మూల మీద మాత్రం రాక్‌వూల్‌నే ఎంచుకుంటాను. రిడ్జ్ పొడవునా గాలి బయటకు పోయే సందు, కింద ఇటుక గోడ మీద ఎదురెదురుగా లూవర్లు (గాలి ఆడే పలకల కిటికీలు) ఉంటే వేడి గాలి దానంతటదే పైకి పోతుంది. తిరిగే వెంటిలేటర్లు బాగానే పనిచేస్తాయి, తుఫాను గాలికి ఊడి ఆ రంధ్రంలోంచి వాన లోపలికి కొట్టేదీ వాటి దగ్గరే. పెట్టుకుంటే ఒక మూత కూడా చేయించి ఉంచుకోండి. వెలుతురు కోసం కప్పులో పారదర్శక షీట్లు ఎక్కువ వేయకండి, ఎండకు పెళుసెక్కుతాయి. ఉత్తరం గోడలో ఎత్తున కిటికీల వరస చాలు, ఆ వెలుతురులో నీడలు తక్కువ, కొలతలు చక్కగా కనిపిస్తాయి.

కరెంటు పని ఇంటి ప్లగ్గు పాయింటు నుంచి తీసుకోవద్దు. మీటరు దగ్గర నుంచి విడిగా 6 చదరపు ఎం.ఎం. రాగి కేబుల్, షెడ్డులో సొంత బోర్డు. సింగిల్ ఫేజ్ ఇన్వర్టర్ వెల్డింగ్ మెషిన్ మీద 3.15 ఎం.ఎం. రాడ్డు 110 ఆంపియర్ల దగ్గర కాలిస్తే, అది లైనులోంచి సుమారు 20 ఆంపియర్లు లాగుతుంది. దానికి 32 ఆంపియర్ల ఎంసీబీ (లోడు మించితే కరెంటు ఆపే స్విచ్చు) విడిగా పెట్టి, ఇంకేమీ ఆ లైనుకు కలపకండి. చేతిలో పట్టుకునే పరికరాల సాకెట్లన్నిటికీ 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపే స్విచ్చు) ఉండి తీరాలి. మీ ఇంటి సాంక్షన్డ్ లోడు (మంజూరైన కరెంటు) ఎంతో చూసుకుని, చాలకపోతే విద్యుత్ సంస్థకు దరఖాస్తు చేసి పెంచుకోండి.

ఇనుప షెడ్డులో ఎర్తింగు అందరికంటే మీకు ఎక్కువ అవసరం. ఎక్కడో ఒక వైరు ఒరుసుకుని స్తంభానికి తగిలితే షెడ్డంతా కరెంటే. వానలో తడి చేత్తో షట్టరు పట్టుకున్నవాడి గతి ఏమిటో ఆలోచించండి. షెడ్డుకు సొంత ఎర్త్ పిట్ తీయించి, దాన్ని ఇంటి ఎర్త్‌తో కలిపి, రెండు ఎదురు మూలల స్తంభాలకు జీఐ (జింకు పూత ఇనుప) పట్టీతో బోల్టు వేసి బిగించండి. పెయింటు గీకి మెరిసే ఇనుము మీదే బిగించాలి. ఏటా వేసవిలో మీటరుతో పరీక్ష చేయించండి.

పని మొదలుపెట్టక ముందు ఒకసారి తల పైకెత్తి చూడండి. స్థలం మీదుగా గానీ పక్కగా గానీ కరెంటు తీగలు పోతుంటే, 11 కేవీ (11 వేల వోల్టుల) లైనుకు పక్కన 1.2 మీటర్లు, కప్పు మీద 3.7 మీటర్ల ఎడం ఉండాలి. పైపు నిలబెట్టేటప్పుడు దాని చివర తీగకు తగిలి పోయిన మనుషులు మా పనిలో ఉన్నారు. ఇంటి ప్లానులో ఖాళీగా చూపించిన సెట్‌బ్యాకు స్థలంలో రేకుల షెడ్డైనా నిర్మాణం కిందికే వస్తుంది. పంచాయతీలోనో మున్సిపాలిటీలోనో ముందు కనుక్కుని, పర్మిషన్ అవసరమైతే తీసుకున్నాకే గుంతలు తవ్వండి. కప్పు నీళ్లు పక్కవాళ్ల గోడ మీద పడకుండా గట్టరు, డౌన్ పైపు మీ వైపే దించండి. గ్రైండరు మోత గురించి కూడా వాళ్లతో ముందే ఒక మాట చెప్పి ఉంచండి.

కాంట్రాక్టు సంగతి. చదరపు అడుగు రేటుకు ఇస్తే ఇనుము తగ్గించడం ఫ్యాబ్రికేటరుకు లాభం. కిలో రేటుకు ఇస్తే పెంచడం లాభం. నేను చెప్పే పద్ధతి, ఇంజనీరు డ్రాయింగులో ఉన్న సైజులు, మందాలు ఒప్పందం కాగితం మీద రాయించుకుని, కిలో రేటు మాట్లాడుకుని, డ్రాయింగు ప్రకారం వచ్చే బరువుకు మించి ఇవ్వనని ముందే చెప్పడం. ఇనుము దిగిన రోజు కాటా చీటీ తీసుకోండి. రేకు, స్క్రూలు, పెయింటు మీరే కొనండి. మీ ఊరి ఫ్యాబ్రికేటరును తప్పుబట్టడం నా ఉద్దేశం కాదు. చవకగా కావాలని అందరూ అడుగుతుంటే అతను ఆ ధరకు తగ్గ మాటే చెప్పాడు. ఈ కాగితం చూపించి, ఇలా చేయగలవా అని అడగండి, చాలామంది సంతోషంగా చేస్తారు.

అన్నీ కలిపితే అతను చెప్పిన ధర కంటే ఖర్చు బాగా పెరుగుతుంది. డబ్బు ఒకేసారి సర్దుబాటు కాకపోతే పునాదులు, స్తంభాలు, కప్పు, బ్రేసింగు ఇప్పుడే పూర్తిగా చేయించి, గోడల రేకులు, మధ్య గోడ, వేడి ఆపే పొర తర్వాత ఏడాదికి వాయిదా వేసుకోండి. పక్కలు తెరిచి ఉన్న షెడ్డులో గాలి కప్పును కింద నుంచి కూడా ఎత్తుతుందని ఇంజనీరుకు చెప్పి, పునాదిని ఆ లెక్కతోనే వేయించండి. అక్టోబరు, నవంబరు నెలల్లో మాత్రం సగం బిగించిన కప్పు ఉంచకండి. 2018లో తిత్లీ వచ్చింది కూడా అక్టోబరు 11నే, పలాస దగ్గర. జనవరిలో మొదలుపెడితే ఎండలు ముదిరేలోపు కప్పు పడుతుంది.

గుంతలు తవ్వి, ఊచల కట్టలు దించి, అచ్చులో బోల్టులు నిలబెట్టాక కాంక్రీటు పోసే ముందు రోజు నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీసి ఇక్కడ పెట్టండి, కర్ణాల కొలతలు రెండూ రాయండి. చూసి చెబుతాను.